కత్తెరమ్మ ఎక్కితే ఆగే టబ్బు

లిఫ్టాయన ఇంట్లో సోఫా పెరట్లో ఉంటుంది, వేడినీళ్ళ టబ్బు హాల్లో ఉంటుంది. ఈ సంగతి తెలియక కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి, బయటికెళ్ళి ఇంటి నంబరు ఒకసారి చూసుకుని మళ్ళీ లోపలికొస్తారు. పాతవాళ్ళు ఏమీ అడగరు. టబ్బు పక్కనుంచి ఒత్తిగిలి నడిచి, పెరట్లో ప్లాస్టిక్ పట్టా కప్పిన సోఫా మీద కూర్చుంటారు. అడగకపోవడమే మంచిది. అడిగితే ఆయన చెబుతాడు. మొదలుపెట్టాడంటే మధ్యాహ్నం మూడింటి నుంచి దీపాలు పెట్టేదాకా చెబుతాడు, అందులో సగం వాషర్ల గురించి. ఆ వాషర్లు తీసేసి మిగతాది చెప్పుకుందాం.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన లిఫ్టుల మెకానిక్కుగా పనిచేశాడు. ఆస్పత్రి లిఫ్టులు, ఆఫీసు లిఫ్టులు, అపార్ట్‌మెంటు లిఫ్టులు. ఒక్క రోజు కూడా పక్కకు పోకుండా పైకీ కిందికీ తిరిగి తిరిగి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలాడు గానీ ఉద్యోగం నేర్పిన రూల్సు వదల్లేదు.

మొదటి రూలు, యంత్రం ముట్టుకునే ముందు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకోవాలి. ఎవరైనా పొరపాటున స్విచ్చి వేస్తే ప్రాణం పోతుంది కదా. రూలు మంచిదే. కాకపోతే ఇంట్లో బల్బు మార్చడానికి కూడా ఆయన ఇంటి మొత్తానికి ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, బల్బు కోసం బజారుకెళ్ళి, అక్కడ పాత స్నేహితుడు కనిపిస్తే టీ తాగి రెండు గంటల తర్వాత వచ్చేవాడు. ఇంట్లోవాళ్ళు విసనకర్రలతో ఎదురుచూసేవాళ్ళు. ఆ ఫ్యూజు రెండుసార్లు చొక్కాతో పాటు ఉతుక్కి కూడా వెళ్ళొచ్చింది.

రెండో రూలు, యంత్రం ఆగితే కారణం తర్వాత, ముందు ప్యాసింజర్ను దింపెయ్యాలి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. మెకానిక్కూ ప్యాసింజరూ ఒకేసారి లోపల ఉండకూడదు. "ఇద్దరమూ లోపలే ఇరుక్కుంటే బయటికి తీసేదెవడు?" అనేవాడు. ఈ రూలు పుణ్యమా అని, పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన భార్యతో కలిసి ఒక్కసారి కూడా లిఫ్టెక్కలేదు. ఏ భవనానికెళ్ళినా ఆవిడను లిఫ్టులో పంపి, తను మెట్లెక్కి వచ్చేవాడు. ఆవిడ ఆరో అంతస్తులో దిగి, ఆయన రొప్పు వినిపించేదాకా మెట్ల దగ్గర నిలబడేది. బంధువులు దీన్ని పిచ్చి అన్నారు. నిజానికి అది భయం. ఆగిపోయిన డబ్బాలో భార్య పక్కన చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుందేమోనని ఆయన భయం. ఆ భయానికి మోకాళ్ళు అరిగాయి గానీ రూలు అరగలేదు.

ఆవిడను వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. రెండు సందుల అవతల ఆవిడకు చిన్న కటింగు షాపు ఉంది. రెండు కుర్చీలు, నిలువుటద్దం, గోడకు ఒక కుళాయి. ఆడవాళ్ళకీ పిల్లలకీ జుట్టు కత్తిరిస్తుంది. మొదటి కుర్చీ ఆవిడది, రెండో కుర్చీ జీతానికి పనిచేసే ఇంకొకావిడది. ఇరవై రెండేళ్ళుగా కత్తెరమ్మ చేతికి తప్ప తల వంచని ఆడవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. ఆవిడకు నగల మీద ఆశ లేదు, చీరల మీద ఆశ లేదు. ఆ మొదటి కుర్చీ వెనక నిలబడటమంటే మాత్రం ప్రాణం.

అలాంటి మనిషికి కుడి భుజం బిగిసిపోయింది. మొదట జడ వేసుకోవడం కష్టమైంది. తర్వాత గూట్లో డబ్బా అందలేదు. చివరికి చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం మానేసింది. పిల్లల తలలు కిందికే ఉంటాయి కాబట్టి కొన్నాళ్ళు పిల్లలతో నెట్టుకొచ్చింది. పెద్దవాళ్ళొస్తే కుర్చీ పక్కకు జరిపి నేల మీద చాప వేసి కూర్చోబెట్టింది. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఒకావిడ చాప మీద బాసింపట్టు వేసుకుని కటింగు చేయించుకుని, లేవలేక ఇద్దరు పట్టి లేపితే లేచింది. ఆ తర్వాతి నెల ఆవిడ వచ్చి, నేల చూపులు చూస్తూ నేరుగా రెండో కుర్చీలో కూర్చుంది. కత్తెరమ్మ ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు.

ఎముకల డాక్టరు భుజం తిప్పి చూసి ఆరు వారాల గడువు పెట్టాడు.

"రోజుకు రెండుసార్లు, మెడ దాకా వేడినీళ్ళలో కూర్చోండమ్మా. ఇరవై నిమిషాలకు తగ్గకూడదు. నీళ్ళలోనే చెయ్యి మెల్లగా ఎత్తుతూ ఉండాలి. ఆరు వారాలకి చెవి దాకా లేస్తే సరే సరి."

"లేవకపోతే?"

"ఆపరేషనే. తర్వాత మూడు నెలలు కత్తెర పట్టుకోకూడదు."

మూడు నెలలంటే మొదటి కుర్చీ కూడా రెండో కుర్చీ ఆవిడదైపోతుంది. ఇది డాక్టరు చెప్పలేదు. చెప్పకపోయినా కత్తెరమ్మకు వినిపించింది, పక్కన నిలబడ్డ లిఫ్టాయనకూ వినిపించింది.

మెడ దాకా వేడినీళ్ళు బకెట్లో పట్టవు కదా. అప్పుడు రంగంలోకి దిగాడు కత్తెరమ్మ తమ్ముడు. అతను వ్యాను నడుపుతాడు. ఎక్కడ ఏ పాత సామాను తీసేస్తున్నా ముందు అతనికే తెలుస్తుంది. ఒక లాడ్జీ పడగొడుతుంటే అందులోంచి ముగ్గురు పట్టే వేడినీళ్ళ టబ్బు తెచ్చాడు. నీలం రంగు, లోపల కూర్చోవడానికి మలిచిన సీటు, చుట్టూ నీళ్ళు చిమ్మే రంధ్రాలు, అడుగున మోటారు, హీటరు.

"వర్కింగ్ కండిషన్ బావా! కళ్ళు మూసుకుని ప్లగ్గు పెట్టెయ్యడమే."

"నువ్వు కళ్ళు మూసుకునే కొన్నట్టున్నావు," అన్నాడు లిఫ్టాయన, అడుగున చూసి. కానీ ఆయన కళ్ళు అప్పటికే మెరుస్తున్నాయి. రిటైరయ్యాక మొదటిసారి ఇంటికి ఒక యంత్రం చెడిపోయి వచ్చింది.

టబ్బు పెరట్లో పెట్టాలనుకున్నారు. వీధి తలుపు పీకేసి, టబ్బును నిలువునా తిప్పి, ఆరుగురు కలిసి హాల్లోకి తెచ్చారు. హాల్లోంచి పెరట్లోకి వెళ్ళే తలుపు నాలుగు వేళ్ళు తక్కువైంది. వెనక్కి తీసుకెళ్దామంటే సాయం పట్టిన నలుగురూ అప్పటికే టీ తాగేసి వెళ్ళిపోయారు. అంచేత టబ్బు హాల్లో ఉండిపోయింది, దానికి చోటివ్వడానికి సోఫా పెరట్లోకి నడిచింది. లిఫ్టాయన టబ్బు అంచుకు తన పాత బోర్డు తగిలించాడు. "పని జరుగుచున్నది. దయచేసి మెట్లు ఉపయోగించండి." ఆ ఇంటికి మెట్లు లేవు.

మొదటి వారం ప్లగ్గు పెట్టగానే ఇంటి ఫ్యూజు ఢామ్మని పోయింది. మూడు రోజులు వైర్లన్నీ విప్పి చూశాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, ఆయన టబ్బును విప్పి బల్లిని పట్టాడు. స్విచ్చుల డబ్బాలో రెండు తీగల మధ్య ఎండిపోయి అతుక్కుని ఉంది. బల్లిని తీసేస్తే మోటారు మూలిగింది గానీ తిరగలేదు. మోటారుకు ఊపునిచ్చే కెపాసిటర్ మార్చాడు. తిరిగింది గానీ నీళ్ళు తొయ్యలేదు. పైపుల్లో గాలి పట్టిందని కీలు వదులు చేశాడు. గాలి బుస్సుమని పోయింది, దాంతో పాటు ముప్ఫై బకెట్ల నీళ్ళు హాల్లోకి పోయాయి. వాషర్లు మార్చాడు. వాషర్ల సంగతి చెప్పనన్నాం కాబట్టి ముందుకెళ్దాం. హీటరుకు గార పట్టిందని వెనిగర్లో రెండు రోజులు నానబెట్టాడు. ఇల్లంతా ఒకటే పుల్లటి వాసన. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, "ఏం పచ్చడి పెడుతున్నారమ్మా ఇంత పెద్ద ఎత్తున?" అని అడిగింది.

రెండో వారం చివర్న టబ్బు పనిచేసింది. నీళ్ళు వెచ్చబడ్డాయి, అన్ని రంధ్రాల్లోంచీ చిమ్మాయి, నురగ లేచింది. లిఫ్టాయన బావమరిదిని ప్యానెల్ దగ్గర నిలబెట్టి తనే ముందు ఎక్కి ముప్పావుగంట కూర్చున్నాడు. దిగి, మీసం తుడుచుకుని, బోర్డు తీసేసి, భార్యను పిలిచాడు.

"రా. రాజ్యం నీది."

కానీ ఇల్లలకగానే పండగ కాదు. కత్తెరమ్మ వదులు నైటీ వేసుకుని మెల్లగా దిగి కూర్చుంది. లిఫ్టాయన బయట, టబ్బు వెనక పక్క నేల మీద, మూత విప్పిన ప్యానెల్ ముందు టెస్టరు పట్టుకుని కూర్చున్నాడు. రెండు నిమిషాలైందో లేదో మోటారు ఆగిపోయింది. ప్యానెల్ మీద ఎర్రదీపం మిణుకు మిణుకుమంది.

"దిగు!" అన్నాడాయన.

"నీళ్ళు వేడిగానే ఉన్నాయండీ. కాసేపు ఉండనివ్వండి."

"కరెంటూ నీళ్ళూ కలిసినచోట బేరాలుండవు. దిగు ముందు!"

దిగింది. ఆయన ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, గంటసేపు తడిమి చూసి, మళ్ళీ పెట్టాడు. టబ్బు బంగారంలా నడిచింది. కత్తెరమ్మ మళ్ళీ ఎక్కింది. రెండు నిమిషాలకు ఆగింది. దిగింది, నడిచింది. ఎక్కింది, ఆగింది.

లిఫ్టాయన పాత రిజిస్టరు తీశాడు. అందులో మూడు గళ్ళు. టైము, లక్షణం, కారణం. పదిరోజుల్లో పంతొమ్మిది వరసలు నిండాయి. కారణం గడిలో మొదట "హీటరు?" అని ఉంది. దాన్ని కొట్టేసి "మోటారు?" అని ఉంది. దాన్నీ కొట్టేశాడు. ఆ కింద అన్ని వరసల్లోనూ ఒకటే మాట ఉంది. "ప్యాసింజరు."

కత్తెరమ్మ తువ్వాలు చుట్టుకుని, తడి కాళ్ళతో నిలబడి అది చదివింది.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో! ఇరవై తొమ్మిదేళ్ళ నుంచీ ఈ ఇంట్లో ఏం జరిగినా తప్పు నాదే. ఇప్పుడు రాతపూర్వకంగా కూడా ఇచ్చారన్నమాట."

"నేను తప్పనలేదే. లక్షణం రాశానంతే."

"అక్కా, బావ చెప్పిందాంట్లో కూడా పాయింటుంది," అన్నాడు తమ్ముడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం అతను. "మనిషి మనిషికీ ఒంట్లో కరెంటు వేరేగా ఉంటుందంట. నీది కొంచెం ఎక్కువేమో."

"నాకు ఎక్కువైంది కరెంటు కాదురా, మీరిద్దరూ."

నిజం చెప్పాలంటే లిఫ్టాయన ఆవిడను తప్పుపట్టడం లేదు. లోలోపల కుమిలిపోతున్నాడు. క్యాలెండరులో డాక్టరు చెప్పిన తేదీ చుట్టూ ఎర్ర పెన్సిల్ తో గీసిన సున్నా రోజురోజుకీ దగ్గరికొస్తోంది. ఎన్ని వందల యంత్రాలు తన చేతి కింద లేచి నడిచాయి! ఒక్కదాన్ని, తన ఇంటి హాల్లో, తన భార్య కోసం నడిపించలేకపోతే ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఎందుకు? ఈ మాట ఎవరితోనూ అనలేదు. బదులుగా ఇంకో పరీక్ష కనిపెట్టాడు.

"నువ్వెంత బరువుంటావు?" అని అడిగాడు పొద్దున్నే.

కాపురంలో ఎన్నడూ అడగని ప్రశ్న. ఆవిడ చాలాసేపు చూసి, ఒక అంకె చెప్పింది.

"అయితే పాతిక శాతం కలిపి పెడతాను. లిఫ్టులకి అదే రూలు."

"పాతిక శాతం కలుపుతారా? నా మీదా?"

ఇసక బస్తాలు తెప్పించి, ప్లాస్టిక్ కవర్లు కట్టి, టబ్బు సీటు మీద పేర్చాడు. టబ్బు నాలుగు గంటలు నడిచింది. ఒకవేళ బట్ట వల్ల అవుతోందేమోనని పై బస్తాకి కత్తెరమ్మ నైటీ తొడిగాడు. అప్పుడూ నడిచింది. పిన్నిగారు ఏదో అడగడానికి వచ్చేసరికి, నైటీ వేసుకున్న ఇసకబస్తా నురగల మధ్య దర్జాగా కూర్చుని ఉంది, లిఫ్టాయన దాని ఎదురుగా గొంతుక్కూర్చుని, "నీకు లేని ఇబ్బంది ఆవిడకెందుకే?" అని అడుగుతున్నాడు.

పిన్నిగారు వచ్చిన పని మరిచిపోయింది. ఆయన మాత్రం ఆవిడను చూసి లేచి నిలబడ్డాడు.

"సమయానికొచ్చారు పిన్నిగారూ. ఒక్కసారి ఎక్కుతారా? పరీక్ష కోసం."

పిన్నిగారు మొహమాటపడి, ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుని, తువ్వాలు తెచ్చుకుని ఎక్కింది. గంటన్నర దిగలేదు. టబ్బు ఒక్కసారి కూడా ఆగలేదు. మర్నాడు పిలవకుండానే వచ్చింది. ఆ మర్నాడు నడుంనొప్పి ఉన్న వాళ్ళ ఆడపడుచును వెంటబెట్టుకొచ్చింది. బావమరిది ఎక్కి, నిద్రపోయి, గురక పెట్టాడు. వీధి చివర మందుల షాపాయన మెడనొప్పికి వచ్చి కూర్చున్నాడు. ఆయన ఎప్పుడు దిగుతాడా అని కొందరు ఎదురుచూశారు, పెరట్లో, సోఫా మీద. ఒక వారంలో ఆ వీధిలో అందరి నడుములూ మెడలూ భుజాలూ బాగుపడ్డాయి, కత్తెరమ్మ భుజం తప్ప. ఆవిడ షాపు నుంచి వచ్చి, వంటింటి గుమ్మంలో ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని నిలబడి, తన టబ్బులో ఊళ్ళోవాళ్ళు మునిగి తేలడం చూసేది. అందరూ వెళ్ళాక తను ఎక్కేది. రెండు నిమిషాలు. ఎర్రదీపం. "దిగు!"

ఇంక వారం ఉందనగా ఒక సాయంత్రం పంతొమ్మిదో ఇరవయ్యో కాదు, ముప్ఫై ఆరోసారి "దిగు" అన్నాడు. కత్తెరమ్మ దిగి, తల తుడుచుకోకుండా అలాగే కుర్చీలో కూర్చుంది.

"నేనింక ఎక్కనండీ."

"అదేంటి? రేపు సెన్సరు మారుస్తున్నాగా."

"వద్దు. ఆపరేషనే చేయించుకుంటాను. ఈ పొద్దు ఏమైందో తెలుసా? రెండో కుర్చీ ఆవిడ నా దువ్వెనల డబ్బా తన వైపు పెట్టుకుంది. దొంగతనంగా కాదు. 'మీకు అందట్లేదు కదక్కా, ఇక్కడుంటే పనికొస్తాయి' అంది. మంచిమాటే. నాకు ఏడుపొచ్చింది. ఇంటికొస్తే ఇక్కడ మీరు దిగమంటారు. ఎక్కడ నిలబడమంటారు నన్ను?"

లిఫ్టాయన చేతిలో టెస్టరు అటూ ఇటూ తిప్పాడు. ఆయన దగ్గర జవాబు లేదు. స్క్రూ డ్రైవర్లు మాత్రం పదకొండు ఉన్నాయి.

"ఒక్కసారి," అన్నాడు చివరికి. "ఇంకొక్కసారి చూద్దాం."

"మీరు ఎక్కితే ఎక్కుతాను. లేకపోతే లేదు."

బావమరిది సోఫా మీంచి లేచి గుమ్మంలోకొచ్చాడు. బావ మూడో రూలు సంగతి అతనికి తెలుసు. అక్క పెళ్ళినాటి నుంచీ చూస్తున్నాడు.

లిఫ్టాయన అరగంటసేపు ఏర్పాట్లు చేశాడు. బావమరిది కాళ్ళకు రబ్బరు చెప్పులు తొడిగించాడు. కింద చెక్క పీట వేయించాడు. చేతికి ఎండిన కర్ర ఇచ్చాడు. జేబులోంచి ఫ్యూజు తీసి పెట్టి, "మాకేమైనా అయితే చేత్తో ముట్టుకోకు. కర్రతో స్విచ్చి కొట్టు. తర్వాత కర్రతో మమ్మల్ని లాగు. ముందు మీ అక్కను," అన్నాడు. బావమరిది కర్ర పట్టుకుని పీట మీద కాపలావాడిలా నిలబడ్డాడు.

నిక్కరు, బనీను వేసుకుని లిఫ్టాయన ఎక్కాడు. మామూలుగా కూర్చునే పెద్ద సీటులో కూర్చున్నాడు. వెనక కత్తెరమ్మ ఎక్కింది. మోటారు మొదలైంది. నీళ్ళు చిమ్మాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని మనసులో లెక్కపెట్టుకుంటున్నాడు. నూటపది దాకా వచ్చేసరికి మోటారు గొంతు మారింది. ఊపిరాడనట్టు ఒక రకంగా గురగురమని, ఆగిపోయింది.

"బావా, ఎర్రదీపం! కొట్టనా?" అన్నాడు బావమరిది కర్ర ఎత్తి.

"ఆగు!"

ఆయన కళ్ళు తెరిచి, ఈసారి ప్యానెల్ వైపు కాక, భార్య వైపు చూశాడు. ముగ్గురు పట్టే టబ్బు అది. సీటంతా ఆయన చుట్టూ ఖాళీగా ఉంది. కత్తెరమ్మ సీటులో లేదు. ఎదుటి మూల, ఎక్కడానికి దిగడానికి కాలు పెట్టుకునే చిన్న మెట్టు మీద, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, వీపు గోడకు ఆనించి కూర్చుని ఉంది. ఆవిడ వీపు వెనకే జల్లెడ మూత ఉంది. టబ్బులో నీళ్ళన్నీ మోటారులోకి వెళ్ళేది ఆ జల్లెడలోంచే. ఆవిడ వీపూ తడిసిన నైటీ కలిసి దాన్ని మూత వేసినట్టు మూసేశాయి. నీళ్ళు అందక మోటారు ఆగుతోంది. దిగగానే జల్లెడ తెరుచుకుంటోంది, అంతా సవ్యంగా ఉంటోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని.

"అక్కడెందుకు కూర్చున్నావు?"

"రోజూ ఇక్కడేగా కూర్చుంటాను."

"రోజూనా? వెనకనుంచి నీళ్ళు లాగుతున్నట్టు తెలియలేదా?"

"తెలిసింది. అదీ వైద్యంలో భాగమేమో అనుకున్నాను."

"ఇంత సీటుండగా మెట్టు మీద కూర్చోవడమేంటే? పిన్నిగారు కాళ్ళు బారజాపుకుని పడుకుంటోంది ఇందులో!"

"పిన్నిగారికేం. ఒక్కర్తే." కత్తెరమ్మ నీళ్ళలోకి చూస్తూ అంది. "మీకు చోటు ఉండాలి కదా."

"నేనెప్పుడూ బయటే ఉన్నాను కదా!"

"ఈ పూటైనా ఎక్కుతారేమో అని."

బావమరిది కర్ర దించేశాడు.

రిజిస్టరులో ముప్ఫై ఆరు వరసలు లిఫ్టాయన కళ్ళముందు కదిలాయి. ముప్ఫై ఆరుసార్లు ఈవిడ ఇందులోకి దిగి, ఆయన కోసం చోటు వదిలిపెట్టి, మూలకి ఒదిగి ఎదురుచూసింది. ముప్ఫై ఆరుసార్లు ఆయన గోడ వెనక నేల మీద కూర్చుని, లోపం ఎక్కడుందా అని వెతికాడు. ఆయనకు సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయితే మెడ దాకా నీళ్ళలోనే ఉన్నాడు కాబట్టి అది పెద్దగా బయటపడలేదు.

"ఇటు రా," అని చెయ్యందించాడు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. జల్లెడ తెరుచుకుంది. ఆయన ప్యానెల్ వైపు తలూపాడు, బావమరిది కర్రతో స్విచ్చి వేశాడు. మోటారు హాయిగా పాడింది. అయిదు నిమిషాలు. పది. ఇరవై. ఎర్రదీపం వెలగలేదు.

అంతటితో అయిపోయిందనుకోవద్దు. మర్నాడు పొద్దున ఆయన బయట ప్యానెల్ దగ్గర కూర్చుని, భార్యను ఒక్కదాన్నే ఎక్కించాడు. "సీటులో కూర్చో, మధ్యలో," అని గట్టిగా చెప్పాడు. కూర్చుంది. చెయ్యి ఆడిస్తూ, ఏదో ఆలోచనలో పడి, కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతూ, ఏడో నిమిషానికి మెట్టు మీద ఉంది. ఎర్రదీపం. సగం జీవితం పక్కకు జరిగి కూర్చున్న మనిషికి, మధ్యలో కూర్చోమంటే ఒక్క రోజులో వస్తుందా? మెట్టు మీద ఇటుకలు పెడితే ఇటుకల పక్కన ఒదిగింది. చివరికి తేలిందేమిటంటే, ఆవిడ వదిలిపెట్టే చోటులో ఆయన కూర్చుని ఉంటే తప్ప ఆవిడ తన చోటులో కుదురుగా కూర్చోదు. ఆ టబ్బుకు ఆయనే తక్కువైన విడిభాగం.

దాంతో పొద్దునా సాయంత్రం లిఫ్టాయన నిక్కరు వేసుకుని భార్య పక్కన మెడ దాకా మునిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదటి రెండు రోజులూ టబ్బు అంచు విడవకుండా పట్టుకున్నాడు. మూడో రోజు ఒక చెయ్యి వదిలాడు. నీళ్ళు ఒక్క మనిషి లెక్కన పోసినవి కాబట్టి ఇద్దరూ దిగగానే పొంగి హాలంతా పారేది. పిన్నిగారు వచ్చి వరసలో నిలబడితే, "ఇప్పుడు ఖాళీ లేదండీ, ఇద్దరున్నాం," అని ఆయనే చెప్పి పంపేశాడు. నీళ్ళలో ఆవిడ చెయ్యి ఆయన చెయ్యి మీద ఆనించి, మెల్లగా ఎత్తించేవాడు. ఇంత, ఇంకాస్త, చాలు. రెండు రోజుల్లో ఛాతీ దాటింది. నాలుగు రోజులకి భుజం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. అయిదో రోజూ అక్కడే, ఆరో రోజూ అక్కడే. చెవి ఇంకా జానెడు దూరంలో ఉంది.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలనగా ఆ సాయంత్రం ఇద్దరూ టబ్బులో కూర్చున్నారు. ఆయన చెయ్యెత్తించబోతే ఆవిడ వద్దంది. "చేసిందేదో చేశాం, ఈ పూట ఊరికే కూర్చుందాం," అంది. ఆయన సరేనన్నాడు. ఆపరేషనైతే మూడు నెలలు షాపు ముందు తను కూర్చుంటానని, వచ్చేవాళ్ళకి ఆవిడ మళ్ళీ వస్తోందని చెబుతానని అన్నాడు. మీరు చెబితే ఉన్నవాళ్ళు కూడా పారిపోతారు అంది ఆవిడ.

అప్పుడే బావమరిది వీధిలోంచి వచ్చాడు. బూట్లు విప్పకుండా హాల్లో కాలుపెట్టి, పారుతున్న నీళ్ళలో జర్రున జారి, టబ్బు అంచు పట్టుకుని వేలాడాడు. మట్టంతా నీళ్ళలో కలిసి హాలు ఆ మూల నుంచి ఈ మూల దాకా బురదైంది.

"ఒరేయ్! బూట్లతో వస్తావురా ఇంట్లోకి? పొద్దున్నే కదరా తుడిచి చచ్చాను! నిలబడి చూస్తావేం? ఆ అటక మీద పాత దుప్పటి ఉంది, తీసి తుడువు!"

బావమరిది కదల్లేదు. కోపంలో కత్తెరమ్మ అటక కేసి చెయ్యి చూపిస్తోంది. కుడిచెయ్యి. నీళ్ళలోంచి లేచి, భుజం దాటి, చెవి దాటి, మోచేతి నుంచి నీళ్ళు కారుతూ నిటారుగా ఉంది. ఆవిడకు తెలియలేదు. దించేసింది.

బావమరిది బావ మొహం చూశాడు, అక్క మొహం చూశాడు. తర్వాత అమాయకంగా తల గోక్కున్నాడు.

"ఏ అటకక్కా?"

"ఇంట్లో ఎన్ని అటకలున్నాయిరా? కళ్ళు కనిపించట్లేదా? అదిగో!" అని కత్తెరమ్మ మళ్ళీ చెయ్యెత్తి చూపించింది.